గానుగ దగ్గరి అవ్వ

చిన్న కథ. గానుగ చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చేలోపు అయిపోతుంది. చెరుకు గానుగ దగ్గర ఒక బర్రె ఉండేది, పక్కనే ఒక బురదగుంట ఉండేది, ఆ బర్రె ఆ గుంటలో దిగాలనుకుంది. అంతే.

అయితే గుంట సంగతి చెప్పాలంటే ముందు చుక్కమ్మ అనే కోడి సంగతి చెప్పాలి. చుక్కమ్మకి పన్నెండు పిల్లలు పుట్టాయి, ఏడు మిగిలాయి. తక్కిన ఐదింటినీ గద్ద తన్నుకుపోయిందని చెబుతుంది. గద్ద గూటి తలుపు తీసుకుని లోపలికి రావడం నేనెన్నడూ చూడలేదు. నేను గోరింకని. పశువుల వీపుల మీద కూర్చుని పిడుదులు ఏరుకు తినడం మా వంశంలో వస్తున్న పని. వీపు మీద కూర్చునేవాళ్ళకి తెలియని సంగతులు తక్కువ.

ఆ గూటి ముందు పడుకునేవాడు వెండికొండ అనే తెల్ల ఎద్దు. మనిషి ఎదురుపడితే మూపురం సర్దుకునే రకం. తెల్లవారుజామున నక్క వచ్చే వేళకి అటు తిరిగి పడుకునేవాడు. ఎందుకని అడిగితే, తూర్పుకి తల పెట్టి పడుకోవడం ఆరోగ్యం అనేవాడు. ఆ నక్క పేరు సోమలింగం. మా పంచాయతీకి పెద్ద, వైద్యుడు కూడా. అతని వైద్యంతో ఎవరికి నయమైందో ఎవరూ అడగలేదు.

ఇక బర్రె. పేరు కాటుక. అందరం అవ్వా అనే పిలిచేవాళ్ళం. వెన్ను దిగిపోయింది, తొడల మీద వెంట్రుకలు ఊడిపోయాయి, నల్లటి మొహం మీద బూడిద చల్లినట్టు నెరిసింది. పొద్దున పాలు, సాయంత్రం పాలు, మధ్యలో గానుగ. పాలిచ్చే బర్రెని గానుగకి కట్టే ఊరు నేను మరొకటి చూడలేదు. రెండో ఎద్దుకి కాలు విరిగినప్పుడు ఇక్కడ మొదలైంది. ఎవరూ వద్దనలేదు కనుక ఆచారమైంది.

గానుగ పొద్దున వెండికొండ తిప్పాలి, సాయంత్రం కాటుక తిప్పాలి. చిక్కల్లా మధ్యాహ్నంతోనే. అప్పుడు గానుగ తిప్పే దూలం పక్కన ఎవరు నిలబడి ఉంటే, గానుగ ఆసామి వాళ్ళ మెడ మీదే కాడి వేస్తాడు. రెండోవాళ్ళు బురదగుంటలో దిగొచ్చు. గుంటలో ఒక్కరికే చోటు. కాబట్టి దూలం పక్కన ఎవరు నిలబడాలో పశువులే తేల్చుకోవాలి.

ఫాల్గుణం వచ్చింది. ఎండకి చెరుకు పిప్పి తనంతట తానే అంటుకునేలా ఉంది. కాటుక పంచాయతీ పెట్టించింది.

"ఏడు వారాలుగా మధ్యాహ్నం కాడి నాదే," అంది. "ఒక్క వారం గుంట నాకివ్వండి. ఒళ్ళు కాలిపోతోంది."

వెండికొండ దగ్గాడు. కావలసినప్పుడు దగ్గడం అతనికి వచ్చు.

"అవ్వా, నీ తోలూ నా తోలూ ఒకటేనా?" అన్నాడు. "దున్నపోతు మీద వాన కురిసినట్టు అని పెద్దలు ఊరికే అన్నారా?"

"వాన సంగతి అన్నారు నాయనా. ఎండ సంగతి ఏమీ అనలేదు. అదీ దున్నపోతు మాట, నేను బర్రెని."

సోమలింగం గొంతు సవరించుకున్నాడు. "మాటలెందుకు, పరీక్ష పెడదాం," అని ఒక తుమ్మముల్లు నోట కరుచుకుని వచ్చాడు. ముల్లు ఇంకా జానెడు దూరంలో ఉండగానే వెండికొండ రంకె వేశాడు. కాటుక తొడలో అది సగం దిగింది. ఆమె చెవి కూడా కదల్చలేదు.

"చూశారుగా," అన్నాడు సోమలింగం.

"మొదటి ఏడాది ముల్లుకర్ర తగిలితే ఉలిక్కిపడేదాన్ని," అంది కాటుక. "ఉలిక్కిపడితే ఇంకో పోటు పడేది. అందుకని మానేశాను."

"మానేశావంటే నొప్పి లేదనేగా. పైగా ఆడదానివి. పాలు పితికేటప్పుడు రెండు పూటలా ఊరికే నిలబడి ఉంటావు. అంతకన్నా విశ్రాంతి ఏం కావాలి?"

"పొదగడం కూడా కూర్చునే పనే అంటాడు చూడండి," అని గొణిగింది చుక్కమ్మ.

సోమలింగం వినిపించుకోలేదు. "అసలు సంగతి వయసు. వెండికొండ పడుచువాడు, ముందు ముందు బోలెడు పని చెయ్యాలి, కాపాడుకోవాలి. అవ్వకి రోజులు దగ్గర పడ్డాయి. ఎండినా తడిసినా ఒకటే. కాబట్టి చిన్నవాళ్ళకి గుంట, పెద్దవాళ్ళకి కాడి. ఈ తీర్పు ఎప్పటికీ చెల్లుతుంది."

"నా వయసు నీకెలా తెలుసు?" అంది కాటుక.

"కుడితి తొట్టిలో మొహం చూసుకో అవ్వా."

ఆమె వెళ్ళి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "నిజమే. ముసలిదాన్నే," అని వచ్చి దూలం పక్కన నిలబడింది.

ఒప్పుకున్నవాళ్ళు రెక్కలూ కాళ్ళూ ఎత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తకపోతే వెండికొండ వీపు మీద చోటు పోతుంది.

తర్వాత రోజుల్లో రెండు వీపులూ నాకు బాగా తెలిశాయి. పని అయ్యాక వెండికొండ గుండె కాసేపు దడదడలాడి నెమ్మదించేది. పొద్దు గుంకేసరికి వీపు చప్పుడు చెయ్యని మంచంలా ఉండేది. కాటుక గుండె మాత్రం నిలబడి ఉన్నా పరిగెత్తుతున్నట్టే నా కాళ్ళకి తగిలేది.

"ఎందుకవ్వా, కాడి దించేశారుగా?" అని ఒకసారి అడిగాను.

"ఎవరైనా పిలుస్తారేమో అని."

"పిలవకపోతే?"

"ఎందుకు పిలవలేదా అని."

ఈ మాట ఊరంతా చెప్పాను. అందరూ నవ్వారు.

ఉగాది నాలుగు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, కాటుక తిరుగుతూ తిరుగుతూ ఆగింది. ఆమె తనంతట తాను ఆగడం అదే మొదలు. ముందు మోకాళ్ళు వంగాయి, తర్వాత తల. గుంట పది అడుగుల దూరంలో ఉంది. అందులో ఉన్న వెండికొండ ఒకసారి చూసి అటు తిరిగాడు. అది తూర్పు కూడా కాదు.

"పండిన ఆకు రాలింది," అన్నాడు సోమలింగం. "పెద్దప్రాణం. ఏడవకూడదు."

ఆమె నోరు తెరుచుకుని ఉంది. మొహం మీద ఈగలు వాలితే వాటి కోసం వెళ్ళాను. వెళ్ళినదాన్ని పళ్ళు లెక్కపెట్టాను. కింది దవడ ముందు భాగంలో ఆరు పెద్దపళ్ళు. చివర రెండు ఇంకా పాలపళ్ళే. అవి కూడా రాలితేగాని పశువుకి నిండా ఆరేళ్ళు వచ్చినట్టు కాదు.

సోమలింగం వచ్చి మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆరు ఎనిమిది కాలేదు.

"ఇప్పుడు నీ నోరు తెరువు," అంది చుక్కమ్మ వెండికొండతో.

"నాకు దగ్గు."

"దగ్గడానికైనా తెరవాలిగా."

తెరిచాడు. ఎనిమిదీ చిగుళ్ళ దాకా అరిగిపోయి ఉన్నాయి. పన్నెండేళ్ళకి తక్కువ ఉండదు.

"నాయనా వెండికొండా," అంది చుక్కమ్మ, "నువ్వు అవ్వా అవ్వా అన్నది నీ కూతురి ఈడుదాన్ని."

వెండికొండ నోరు మూసుకుని గుంట వైపు అడుగేశాడు. చుక్కమ్మే మళ్ళీ అంది. "పెద్దవాళ్ళకి కాడి. ఎప్పటికీ చెల్లే తీర్పు. దూలం అటు ఉంది."

ఇప్పుడు మూడు పూటలూ వెండికొండే తిప్పుతున్నాడు. దగ్గుతున్నాడు కూడా, ఈసారి నిజంగానే. ముల్లు గుచ్చి చూద్దామా అని అడుగుతోంది చుక్కమ్మ. అతన్ని గానుగ దగ్గరే కట్టేయడంతో గూటి ముందుకి కుక్క వచ్చింది. సోమలింగానికి ఇప్పుడు ఒక చెవే ఉంది.

ఎవరికెన్నేళ్ళో చెప్పేముందు ఎవరెంత మోశారో చూడాలి.

గుంట సంగతి మిగిలింది. వేరే గొయ్యి తవ్వే పని తప్పుతుందని ఆసామి కాటుకని అందులోనే పూడ్చాడు.