వరహాలమ్మ తెరిపించిన గ్రౌండు

అనగనగా ఒక ఊరు. రాజుల రోజులు పోయాక పెరిగిన ఊరు కాబట్టి అక్కడ రాజు లేడు, మున్సిపల్ చైర్మన్ ఉన్నాడు. ఏమర్రా, ఊ అంటున్నారా? మీరు ఊ అనకపోతే నాకు గోడకి చెప్పినట్టుంటుంది.

ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ, బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండేది. ఆవిడకి ఒక్కత్తే కూతురు, ఢిల్లీశ్వరి. అందరూ ఢిల్లీ అనే పిలిచేవారు. పేరేమో ఢిల్లీ, పిల్లేమో పలాస కూడా దాటలేదు! పదేళ్ళది. దానికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం.

బడి వెనకాల మున్సిపాలిటీ వాళ్ళ గ్రౌండు ఉండేది. దాన్ని ఒక అకాడమీకి అద్దెకిచ్చారు. వాళ్ళు గడ్డి పెంచారు, చుట్టూ వల కట్టారు, గేటు పెట్టి తాళం వేశారు. ఆడాలంటే నెలకి ఎనిమిది వందలు. బూట్లు వేరే, బట్టలు వేరే. వరహాలమ్మ జీతమే మూడు వేలు. ఇంక ఢిల్లీ ఎక్కడ ఆడుతుంది? సాయంత్రమయ్యేసరికి వల బయట నిలబడేది. అదొక్కతే కాదు, వాళ్ళ వీధి పిల్లలు మొత్తం పదకొండుమంది. బంతి వల దాటి ఇవతల పడితే చాలు, తన్నడానికి ఎగబడేవారు.

ఒకరోజు అలాగే బంతి బయటికొచ్చింది. ఢిల్లీ వట్టికాలితో, అదీ ఎడంకాలితో, ఒక్క తన్ను తన్నింది. అది వల మీంచి వెళ్ళి, లోపల ఆట నేర్పే జోగారావు మాస్టారి కాళ్ళ ముందు పడింది. ఆయన చూశాడు. మర్నాడూ చూశాడు. మూడోనాడు బడి వంటపాక దగ్గరికే వచ్చి, అకాడమీ ఓనరుగారిని ఒప్పించాను, మీ అమ్మాయికి ఫీజు అక్కర్లేదు, పంపించమ్మా అన్నాడు.

ఢిల్లీ ఎగిరి గంతేసింది. వరహాలమ్మ మాత్రం గరిటె పక్కన పెట్టింది.

"మరి మిగతా పదిమందీ బాబూ?"

"అందరికీ అంటే ఒప్పుకోరమ్మా. గడ్డికి ఖర్చు, నీళ్ళకి ఖర్చు."

"రోజూ అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించేదాన్ని. నా పిల్లని లోపలికి పంపి వాళ్ళని బయట నిలబెట్టమంటే నాకు చేతులు రావు. రెండ్రోజులు ఆగండి."

ఢిల్లీకి ఏడుపొచ్చింది. నువ్వు నాకు అమ్మవి కాదు, ఊరికి అమ్మవి అని అన్నం ముట్టలేదు. వరహాలమ్మేమో, రెండ్రోజుల్లో దారి దొరక్కపోతే దీన్నొక్కదాన్నే పంపించేద్దాం అని కూడా అనుకుంది. అబద్ధమెందుకు, తల్లి కదా!

పొద్దున్నే కొంగు దోపుకుని బయల్దేరింది. ఓనరునడిగితే, గ్రౌండు నాది కాదు, చైర్మన్ గారినడుగు అన్నాడు. చైర్మన్‌నడిగితే కమిషనరునడుగు అన్నాడు. కమిషనరునడిగితే గుమాస్తానడుగు అన్నాడు. గుమాస్తా కాగితం తీసి చదివి, అద్దెకిచ్చింది సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకానే, మిగతా పొద్దంతా అది ఊరిదే, వాచ్‌మన్‌నడుగు అన్నాడు. ఊ కొట్టండర్రా, అసలుది ఇక్కడే ఉంది. వాచ్‌మన్ అప్పన్ననడిగితే, మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పి ఏమన్నాడో తెలుసా?

"ఈ తాళం వేసి రెండేళ్ళయిందమ్మా. పొద్దుటిపూట తియ్యమని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు."

జోగారావు మాస్టారికి చెబితే ఆయన నవ్వేశాడు. సాయంత్రం నేను ఓనరుగారి మనిషిని, పొద్దున్న నా ఇష్టం, వస్తాను పదండి అన్నాడు.

ఇంక బూట్లు. వరహాలమ్మ అకాడమీ పిల్లల ఇళ్ళకే వెళ్ళింది. మీ పిల్లల కాళ్ళు పెరుగుతాయి గానీ బూట్లు పెరగవు కదమ్మా, చిన్నవైపోయినవి అటకెక్కించకుండా ఇలా ఇవ్వండి అంది. కొందరు మొహం మీదే తలుపేశారు. కొందరు ఇచ్చారు. వారం తిరిగేసరికి రెండు గోతాలయ్యాయి. చినిగినవాటిని చెప్పులు కుట్టే ముసలాయన కుట్టాడు. వదులైనవాళ్ళు బూటు మొనలో గుడ్డ కుక్కుకున్నారు. బిగుతైనవాళ్ళు గోతాంలో వేసి పెద్దవి తీసుకున్నారు.

మొదటి పొద్దున్న పదిమందీ వచ్చారు, ఢిల్లీ రాలేదు. అలిగి పడుకుంది. వరహాలమ్మ బతిమాలలేదు, బూట్లు మంచం కింద పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి చూస్తే జడైనా వేసుకోకుండా గేట్లోంచి పరిగెత్తుకొస్తోంది!

మూడు నెలలకి పొద్దుటి పిల్లలకీ సాయంత్రం పిల్లలకీ పందెం పెట్టారు. మనవాళ్ళు ఓడిపోయారు, మూడుకి రెండు. ఓడితే ఓడారు గానీ, చూడ్డానికొచ్చిన ఓనరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జిల్లా పోటీలకి రెండు జట్లూ కలిపి ఒకటే జట్టు చేద్దాం, బస్సు ఖర్చు నాది అన్నాడు. పొద్దుటి పిల్లల్లో ఆరుగురికి చోటు దొరికింది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టడానికైనా వస్తామన్నారు.

బస్సు బయల్దేరేవేళకి వరహాలమ్మ వంటపాకలో బియ్యం కడుగుతోంది. హారన్ వినబడి చేతులు తుడుచుకుంటూ రోడ్డు మీదకొచ్చింది. కిటికీలోంచి ఢిల్లీ సగం బయటికి వంగి అరిచింది.

"అమ్మా! పదకొండుమందికీ సీట్లు దొరికాయే!"

చూశారా, అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగేటప్పుడు మన ఒక్కళ్ళ కోసమే కాకుండా పక్కవాడి కోసం కూడా అడగాలి. అంతే. కథేమో కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరిపోదాం.