బీరువాలో షాకు పెట్టె

కాలువగట్టు షటిల్ క్లబ్బుకు భీమశంకరం అనే సెక్రటరీ ఉండేవాడు. తాళం వెయ్యని వస్తువు కంటపడితే అతనికి ముద్ద దిగేది కాదు.

కాక్‌ల డబ్బాలకు తాళం. ఫ్యాన్ల స్విచ్చులకు తాళం. మంచినీళ్ళ కుండ దగ్గరి గ్లాసుకు గొలుసు. ఆ గ్లాసు సొట్టలు పడి, దొంగ చూసినా జాలిపడేలా ఉండేది. అయినా గొలుసు గొలుసే. తాళంచెవులన్నీ ఒకే గుత్తిగా అతని నడుముకు వేలాడేవి. దేనికీ గుర్తు పెట్టలేదు. గుర్తు పెడితే దొంగకు సాయం చేసినట్టేనని అతని వాదన. అతను ఎటు కదిలినా గుత్తి గల్లుగల్లుమనేది.

"ఒరేయ్ శంకరం, పైకి పోయాక స్వర్గానికి కూడా తాళం వేస్తావేంట్రా?" అని ఎగతాళి చేసేవాడు కొండలరావు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. డబుల్స్‌లో ఎప్పుడూ ఒకే జట్టు.

ఆ ఏడు ఒక మందుల షాపాయన క్లబ్బుకు ఓ యంత్రం ఇచ్చాడు. గుండె హఠాత్తుగా గాడి తప్పి, కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంటే, షాకు ఇచ్చి దాన్ని మళ్ళీ దారిలో పెట్టే యంత్రం అది. అందరూ షాకు పెట్టె అనేవారు. దాన్ని వాడటం నేర్పిన రోజున భీమశంకరం ఫొటోలు, ఉప్మా ఏర్పాట్లలో మునిగిపోయాడు. తర్వాత పెట్టెను ఆఫీసు గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"కోర్టు పక్కన గోడకు తగిలించమన్నారు కదండీ," అంది మెహరున్నీసా. ఆమె హైస్కూల్లో పీఈటీ టీచరు. నేర్పిన రోజున శ్రద్ధగా విని నేర్చుకుంది.

"ఖరీదైన వస్తువమ్మా. నా దగ్గరైతే భద్రం," అన్నాడు భీమశంకరం.

ఒక ఆదివారం పొద్దున ఆట రంజుగా సాగుతోంది. కొండలరావు కాక్ కొట్టబోతూ ఎగిరి, నిలువునా కూలిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి.

"ఫిట్స్! చేతిలో ఇనుము పెట్టండి!" అని ఎవరో అరిచారు.

భీమశంకరం నడుమున ఉన్న గుత్తిని లాగి, స్నేహితుడి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూశాడు. కొట్టుకోవడం ఆగింది. "చూశారా, తగ్గింది," అన్నాడు.

మెహరున్నీసా పక్క కోర్టు నుంచి పరుగున వచ్చింది. భుజాలు తట్టి పిలిచింది. పలుకు లేదు. ఛాతీ కదలడం లేదు. నోరు మాత్రం చేప నోరులా ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

"తగ్గలేదండీ, గుండె ఆగింది! నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి. శంకరం గారూ, షాకు పెట్టె!" అంటూ ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కసాగింది.

భీమశంకరం ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. నడుము తడుముకున్నాడు. గుత్తి లేదు! జేబులు చూశాడు, సొరుగు లాగాడు, బల్ల కింద దూరాడు. "నా గుత్తి ఎవడు తీశాడు?" అని కేకలు వేశాడు. బీరువాను భుజంతో గుద్దాడు. ఇప్పటి రేకు బీరువా అయితే వంగేదేమో గాని, అది పాతకాలపు ఇనుము. కదల్లేదు.

అప్పుడు వినిపించింది. గల్లు, గల్లు, గల్లు. కోర్టు వైపు నుంచి. మెహరున్నీసా నొక్కినప్పుడల్లా కొండలరావు చెయ్యి అదిరి, గుత్తి నేలకు తగులుతోంది.

భీమశంకరం గుత్తి లాక్కొచ్చాడు. ఒక చెవి పట్టలేదు. ఇంకొకటి తిరగలేదు. గుత్తి జారిపడింది. ఏవి పెట్టి చూశాడో ఏవి చూడలేదో మరిచిపోయాడు. "త్వరగా! ఆలస్యమైన కొద్దీ మనిషి చెయ్యి జారిపోతాడండీ!" అని మెహరున్నీసా అరుస్తోంది. దొంగకు తెలియకూడదనుకున్నది తనకే తెలియకుండా పోయింది. అతనికి ఏడుపొచ్చింది. చివరికి తాళం తిరిగింది.

ఛాతీ నొక్కే పని ఇంకొకాయన అందుకోగా, మెహరున్నీసా కొండలరావు చొక్కా చింపి, చెమట తుడిచి, పెట్టెలోంచి గొంతు వినిపించి చెప్పినట్టే అందులోని రెండు జిగురు అట్టలు ఛాతీకి అంటించింది. "ఎవరూ ముట్టుకోకండి!" అంది. స్నేహితుడి చెయ్యి పట్టుకుని ఉన్న భీమశంకరం ఉలిక్కిపడి వదిలేశాడు. షాకు తగిలి ఒళ్ళు ఒక్కసారి ఎగిసింది. ఆమె మళ్ళీ నొక్కడం మొదలుపెట్టింది. అంబులెన్సు వచ్చేసరికి కొండలరావు మూలుగుతూ ఆమె చేతిని తోసెయ్యబోతున్నాడు.

ఆసుపత్రిలో కళ్ళు విప్పి, జరిగిందంతా విని, స్నేహితుణ్ణి చూసి కొండలరావు సన్నగా నవ్వాడు. "స్వర్గం దాకా వెళ్ళానురా శంకరం. తాళం వేసుంది. గుత్తి నా చేతిలోనే ఉందని తెలీక వెనక్కొచ్చేశా."

భీమశంకరం నవ్వలేకపోయాడు. ఆ సాయంత్రమే షాకు పెట్టెను కోర్టు పక్కన గోడకు, తాళం లేకుండా తగిలించాడు. మెహరున్నీసా చేత దాన్ని వాడటం క్లబ్బు వాళ్ళందరికీ నేర్పించాడు. అందరికన్నా ముందు తనే కూర్చుని నేర్చుకున్నాడు.

ప్రాణం నిలబెట్టే వస్తువు అందరి చేతికీ అందుతూ, దాన్ని వాడటం అందరికీ తెలిసి ఉన్నప్పుడే అది మనకు ఉన్నట్టు. తాళం వేసి దాచుకుంటే అది లేనట్టే.