సణుగుడు సత్రం

మణిగిరి రాజుగారి మీసంలో ఒక తెల్లవెంట్రుక కనబడింది. గడ్డం గీస్తున్న మంగలి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు గాని, రాజుగారు అద్దంలో చూసుకోనే చూసుకున్నారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

సాయంత్రం కొలువుకు వస్తూనే ముసలితనం మాటెత్తారు. కోటలో ఊడిగం చేసి చేసి వయసు మళ్లినవాళ్ల కోసం ఆయన రెండు సత్రాలు కట్టించి చాలాకాలమైంది. వాటిలో వృద్ధుల్ని ఎక్కడ బాగా చూస్తున్నారో తేల్చాలన్నారు. గెలిచినవారికే రెండో సత్రమూ అప్పగిస్తారట. తేల్చే పని ఆస్థానంలో మాటకారి అయిన విస్సన్న మీద పడింది.

తూర్పువాకిలి సత్రానికి అధికారి చెంగల్రాయుడు. మీసానికి సంపెంగ నూనె, కాళ్లకు కిర్రుచెప్పులు. పడమటి సత్రాన్ని చూసేది నాంచారమ్మ. ఒకప్పుడు అంతఃపురంలో దాదిగా పనిచేసిన మనిషి.

మర్నాడు రాజుగారు విస్సన్నను వెంటబెట్టుకుని ముందు తూర్పు సత్రానికి వెళ్లారు. అరుగులు అద్దాల్లా మెరుస్తున్నాయి. సాంబ్రాణి ఘుమఘుమలాడుతోంది. ముసలివాళ్లంతా ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. ఎవరిని ఏమడిగినా ఒకటే జవాబు, అంతా బాగుందని. రాజుగారి ముఖం వికసించింది.

విస్సన్న చూపు ఆ వరస చివరన ఉన్న పోతన్న మీద పడింది. పోతన్న పట్టపుటేనుగు మావటి. నోరు మహా దురుసు. రాజుగారు చిన్నప్పుడు ఏనుగు చెవి లాగితే, యువరాజని కూడా చూడకుండా చెడామడా తిట్టిన ఘనుడు. విస్సన్న అతని పక్కన చతికిలబడి, భోజనం ఎలా ఉంటోంది తాతా అని అడిగాడు.

పోతన్న అతనికేసి చూడలేదు. చెంగల్రాయుడి చెప్పులకేసి చూశాడు.

"అంతా బాగుంది, బాబూ."

విస్సన్న కూడా ఆ చెప్పులకేసి చూశాడు.

పడమటి సత్రంలో గుమ్మంలోనే గోల వినబడింది. పులుసులో ఉప్పు తక్కువైందని ఒక ముసలాయన రాజుగారి చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. మోకాళ్లు నొప్పులంటున్నా వినకుండా రోజూ పొద్దున్నే నడిపిస్తుందని ఒక అవ్వ నాంచారమ్మను చూపించి శాపనార్థాలు పెట్టింది. పక్కమంచం గురకకు నిద్ర పట్టడం లేదని ఇంకొకాయన. నాంచారమ్మ ఒక ముసలామె తలకు నూనె మర్దిస్తూ అందరికీ దీటుగా జవాబులు చెబుతోంది. వసారాలో మేకపిల్ల గంతులేస్తోంది. రాజుగారు ముఖం చిట్లించుకుని బయటికొచ్చేశారు.

"ఇంక తేల్చేదేముంది ప్రభూ? నా దగ్గర సణిగేవాడు ఒక్కడూ లేడు. అక్కడ సణగనివాడు ఒక్కడూ లేడు," అన్నాడు చెంగల్రాయుడు కొలువులో మీసం దువ్వుకుంటూ.

రాజుగారు తల ఊపారు. రాజముద్ర తెమ్మన్నారు.

విస్సన్న చేతులు కట్టుకుని నిలబడి, నాంచారమ్మ దగ్గర అవస్థ పడుతున్న ఆ ముసలివాళ్లను రేపే రాయుడిగారి సత్రానికి తరలిద్దామన్నాడు. చెంగల్రాయుడు ఉబ్బిపోయాడు. చోటు చాలాలి కదా, అందుకని తూర్పు సత్రంవాళ్లలో ఎవరైనా ఇష్టపడితే నాంచారమ్మ దగ్గరికి పంపిద్దామని కూడా అన్నాడు విస్సన్న. స్వర్గం వదిలి ఎవడు పోతాడని చెంగల్రాయుడు నవ్వి, సరేనన్నాడు.

"అయితే తమరు ప్రభువుతో పడమటి సత్రానికి వెళ్లండి. కొత్త అతిథుల్ని ఎదురెళ్లి పిలవడం మర్యాద. తూర్పు సత్రం బళ్ల సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు విస్సన్న.

మర్నాడు అతను బళ్లతో తూర్పు సత్రానికి వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. రాయుడిగారు ఇవాళ ఇక్కడ లేరనీ, నాంచారమ్మ దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లు బండెక్కవచ్చనీ చెప్పాడు. నమ్మాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి పోతన్న కర్ర ఊతంగా లేచాడు. అంతే, ఎడ్లను మళ్లించేలోపే బళ్లు నిండిపోయాయి. విస్సన్నకే చోటు లేక వెనకాల నడిచాడు.

పడమటి సత్రం ముందు బళ్లు ఖాళీగానే ఉన్నాయి. మోకాళ్ల అవ్వ స్తంభాన్ని వాటేసుకుని వదలడం లేదు. చెంగల్రాయుడు బతిమాలుతుంటే పులుసు ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు.

"నేనక్కడికొస్తే ఉప్పు తక్కువని ఎవరితో పోట్లాడను?"

అంతలో కిక్కిరిసిన బళ్లు వచ్చి ఆగాయి. ముందు బండి మీద పోతన్న, ఎడ్లను అలాగేనా తోలడం అని బండివాణ్ని దులిపేస్తున్నాడు. రాజుగారు నిర్ఘాంతపోయి, నిన్న అంతా బాగుందన్నావు కదా అని అడిగారు. నోరెత్తినవాడికి ఆ పూట కూడు ఉండదనీ, సాంబ్రాణి, ఉతికిన బట్టలు ప్రభువు వచ్చిన రోజుకేననీ చెప్పాడు పోతన్న.

రాజుగారు విస్సన్న వైపు తిరిగి, నీకెలా తెలిసిందన్నారు.

"వినేవాళ్లున్న చోటే ముసలివాళ్లు సణుగుతారు ప్రభూ. వినేవాళ్లు లేని చోట అంతా బాగుంటుంది."

రాజుగారు తలదించుకున్నారు. తర్వాత రెండు సత్రాలూ నాంచారమ్మకు అప్పగించారు. చెంగల్రాయుణ్ని అక్కడే ఉండి, నీళ్లు మోస్తూ, ప్రతి ఒక్కరి ఫిర్యాదూ చేతులు కట్టుకుని వినమన్నారు. వెంటనే అతని చుట్టూ ముసలివాళ్లు మూగారు. అందరూ ఒక్కసారే మొదలుపెట్టేసరికి అతను చెవులు మూసుకున్నాడు. నాంచారమ్మ ఆ చేతులు రెండూ దింపేసింది.

రాజుగారు పగలబడి నవ్వారు. మెడలోని ముత్యాలహారం తీసి విస్సన్న మెడలో వేశారు.

"అంత సన్నటి మెడకు అంత పెద్ద హారమేమిటి, చోద్యం," అని వెనకనుంచి ఒక అవ్వ సణిగింది.