వెయ్యో బంతి వెనకాల

సింహాద్రి మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. "రేపు కోర్టుకి రా" అనేవాడు. ఊళ్లో జూట్ మిల్లు మూతపడ్డాక, కాలేజీ ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే పనిలో చేరి అందులోనే ముసలివాడైన మనిషి. మిల్లు గేటు ముందు బైఠాయించిన రోజుల్లో ఉపన్యాసాలు చాలా విన్నాడు. వాటి విలువ తెలుసు గనక తాను మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక సాయంత్రం, ఐదేళ్లుగా ఆయన జట్టులో ఆడుతున్న రమణి ఆయన్ని అడిగింది. "నా ఐదేళ్లు ఎక్కడికి పోయాయి మాస్టారూ?"

ఊరికే అడగలేదు. కోర్టు పక్క గోడ మీద, కాలేజీ తరపున వెయ్యి పాయింట్లు చేసిన మొదటి అమ్మాయిగా, రమణితో పాటే జట్టులో చేరిన హైమావతి పేరు కిందటేడే ఎక్కింది. ఇప్పుడు దాని పక్కనే పెయింటరు ఇంకో వరసకు గీతలు గీసి ఉంచాడు. గురి తప్పి రింగుకు కొట్టుకుని వెనక్కొచ్చే బంతిని ఎగిరి అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. హైమకి అవి కూడా వెయ్యి కావడానికి కొద్దిగానే తక్కువ. మర్నాడు ఇద్దరికీ ఆఖరి మ్యాచి. ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే ఒక పెద్ద సంస్థ నుంచి సెలెక్టరు వస్తున్నాడు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. అది దొరక్కపోతే రమణి వెళ్లి రొయ్యల షెడ్డులో తల్లి పక్కన నిలబడి రొయ్యలు ఒలవాలి.

ఆటలో రమణి పని వేరు. బంతి గాల్లో ఉండగా అవతలి జట్టులోని పొడుగాటి పిల్లకు వీపు ఆనించి, రింగు దగ్గరికి రానివ్వకుండా ఆపడం. ఆపేవాళ్లు ఎగరలేరు. వెనకనుంచి మోచేతులు దిగుతుంటాయి. హైమ ఎగిరి బంతి పడుతుంది. లెక్క రాసేవాళ్లు బంతి ఎవరి చేతిలో ఉందో చూస్తారు గాని ఎవరి వీపు కమిలిందో చూడరు. లోకంలో ఇంకే లెక్కయినా ఇంతకన్నా మెరుగ్గా ఉందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఇందులో హైమ తప్పేమీ లేదు. ఆ పిల్లా ఒళ్లు హూనం చేసుకునే ఎగిరింది.

మాస్టారు గోడ వైపు చూశాడు. తరవాత అన్నాడు. "రేపు నువ్వెవరినీ ఆపకు. నీకోసం నువ్వు ఎగురు."

"మరి హైమ వెయ్యి?"

"అది హైమ చూసుకుంటుంది. నేను నిన్ను పరీక్షించడం లేదు తల్లీ. నీకా హక్కుంది."

హక్కు అన్న మాట ఆయన నోట తేలిగ్గా రాదని రమణికి తెలుసు.

మర్నాడు మొదటి బంతికే రమణి ఎగిరింది. దొరికింది. మరొకటీ దొరికింది. సెలెక్టరు పక్కనున్నవాణ్ణి ఆమె పేరడగడం, ఆట చూడ్డానికొచ్చి మెట్ల మీద కూర్చున్న మేమందరం చూశాం. పరిగెడుతూనే హైమ ఆశ్చర్యపోయింది. "ఏటే, ఇవాళ కొత్తగా రెక్కలొచ్చాయేటి నీకు?"

"అయిదేళ్లు నువ్వొక్కర్తివే ఎగిరావు కదే. నేనూ చూద్దామని."

హైమ నవ్వింది గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆపేవాళ్లు లేక పొడుగాటి పిల్ల నేరుగా రింగు కిందికి వచ్చేస్తోంది. హైమ ఎగిరినప్పుడల్లా తోపులాటలో పడిపోతోంది. ఒకసారి సిమెంటు మీద మోకాలు చెక్కుకుపోయింది. తన వాటా బంతులు పడుతూనే ఉంది గాని, మునుపటిలా ఊరికే రావడం లేదు. పెద్దగా ఉన్న ఆధిక్యం కరిగి కరిగి ఒక్క పాయింటుకు దిగింది. మాస్టారు బెంచీ మీంచి ఒక్క కేక వెయ్యలేదు.

ఆట ముగిసే ముందు అవతలివాళ్లు ఆఖరి బంతి వేశారు. అది రింగు అంచుకు తగిలి పైకి లేచింది. హైమకి వెయ్యికి ఒక్కటే తక్కువ. సెలెక్టరు కళ్లు రింగు మీదే ఉన్నాయి. బంతి సరిగ్గా రమణి నెత్తి మీదకే దిగుతోంది. ఎగిరితే అందేది.

రమణి ఎగరలేదు. గిరుక్కున తిరిగి, దూసుకొస్తున్న పొడుగాటి పిల్లకు వీపు అడ్డం పెట్టింది. ఆ దెబ్బ చప్పుడు మా దాకా వినిపించింది. హైమ బంతి పట్టుకుని నేల మీదికి దిగేసరికి విజిల్ మోగింది.

దండలు తెచ్చారు. గోడ దగ్గర పెయింటరు రంగు డబ్బా మూత తీశాడు. సెలెక్టరు వెళ్లి హైమ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఉద్యోగం ఆమెకే వచ్చింది. అది న్యాయమని నేను అనను. మాస్టారూ ఏనాడూ అనలేదు.

జనాన్ని తోసుకుని హైమ ఒకసారి రమణి దగ్గరికి వచ్చింది. "ఆఖర్న వెనక నువ్వున్నావని చూడకుండానే తెలిసిందే" అంది. ఇంకేదో అనబోయింది. ఫొటోకి పిలిస్తే వెళ్లిపోయింది.

రమణి మెట్టు మీద కూర్చుంది, గోడకు ఆనుకోలేక ముందుకు వంగి. మాస్టారు తువ్వాలులో ఐసు చుట్టి తెచ్చి ఆమె వీపు మీద పెట్టి పట్టుకున్నాడు.

"ఎగురుదామనే అనుకున్నాను మాస్టారూ. నిజంగా అనుకున్నాను. ఆ ఉద్యోగం నాకు కావాలి."

"తెలుసు."

"బంతి లేవగానే వీపు దానంతటదే తిరిగిపోయింది. నేను తిప్పలేదు."

మాస్టారు తువ్వాలు కొంచెం పక్కకు జరిపి, కమిలిన చోటు చూసి, మళ్లీ మెల్లగా కప్పాడు.

"మరి ఆ ఐదేళ్లు ఎక్కడికి పోయాయని నన్నడుగుతావేం తల్లీ?"