మంత్రసాని మాచమ్మ ఎర్ర బూట్లు

అనగా అనగా, కొండలింకా పసిపిల్లల్లా పాకుతున్న కాలంలో, కుంకుమగిరి అనే రాజ్యం ఉండేది. అక్కడ పుట్టిన ప్రతి ప్రాణినీ మొదట ఎత్తుకున్నది మంత్రసాని మాచమ్మే. మహారాజూ, ఆయనగారి ఏనుగూ కూడా ఆమె చేతుల మీదే పుట్టారు!

ఒకనాడు ఆమె చెప్పులు తెగాయి. చెప్పులు కుట్టే దానయ్య రెండు జతలు ముందు పెట్టాడు. ఒకటి మెత్తని చెప్పులు, చూపుకు సాదా. రెండోది చీలమండలు దాటిన ఎర్ర బూట్లు. వాటికి నలభై కన్నాలు, ఆ కన్నాల్లో ఏరంత పొడవు పట్టుతాళ్లు!

"మాచక్కా, గడప గడపకీ విడిచి తొడుక్కునేదానివి. నీకు చెప్పులే సుఖం," అన్నాడు దానయ్య.

"పోరా! సుఖం ఎవడికి కనబడుతుంది? సోకైతే నలుగురూ చూస్తారు," అని మాచమ్మ బూట్లే కొంది. పాదాలు గంపలో కుక్కిన కోళ్లలా గిలగిల్లాడాయి. అయినా వీధి వీధంతా నోరు తెరిచి చూసేసరికి ఆ బాధ మరిచింది.

మొదట వర్తకుడి ఇంటి నుంచి పిలుపొచ్చింది. గడప దగ్గర కూర్చుని తాళ్లు విప్పింది, విప్పింది, విప్పుతూనే ఉంది. ఈలోగా పక్కింటి ముసలమ్మ పురుడు పోసేసింది. మాచమ్మ లోపలికి వెళ్లేసరికి బిడ్డ ఉయ్యాల్లో ఆవలిస్తోంది.

తర్వాత కుమ్మరి ఇల్లు. ఈసారి చివరి ముడి వీడేసరికి, పుట్టిన బిడ్డే గడప దాకా పాకి వచ్చి, "ఏం అవ్వా, ఇంకా అవలేదా?" అని అడిగిందట! అందరూ పకపకా నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. ఇంత అందం మీ కాళ్లకుందా?" అంది మాచమ్మ.

మూడోసారి రాణిగారికి నొప్పులు. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. దాన్ని సరిచేయగల చెయ్యి రాజ్యంలో మాచమ్మదొక్కటే. వానలో పరుగున వచ్చి గడప దగ్గర కూలబడింది. తడిసిన ముడి రాయిలా బిగుసుకుంది. లోపల రాణి మూలుగు సన్నగిల్లింది.

"మాచవ్వా, నా బిడ్డ..." అన్నాడు రాజు.

మాచమ్మ ముడి వదిలేసింది. రెండు కాళ్లూ చాపింది. "నాయనా, కత్తి దుయ్యి! తాళ్లు కోసెయ్యి!"

"ఇంత ముద్దొచ్చే బూట్లు..."

"ముద్దు మండిపోనూ! కొయ్యి బాబూ!"

ఏడు యుద్ధాలు గెలిచిన కత్తి బూట్ల తాళ్లు కోసింది. మాచమ్మ వట్టికాళ్లతో లోపలికి దూకింది. గడియ గడిచింది. రెండు గడిచాయి. రాజుగారి మీసాలు నిలుచున్నపళంగా నెరిశాయి.

అప్పుడు కేరుమని ఏడుపు! ఆ కేకకు ఏడూళ్ల కాకులు లేచాయి.

తల్లీ బిడ్డా క్షేమం. మాచమ్మ బయటికొచ్చి, చతికిలబడి, కాలి వేళ్లు పదీ విప్పార్చి, "హమ్మయ్య!" అంది.

"ఏం కావాలో కోరుకో అవ్వా," అన్నాడు రాజు.

"చెప్పులు, నాయనా! కాలు పెడితే దూరాలి, విదిలిస్తే ఊడాలి."

నీతి: మనం కొనే వస్తువు నలుగురి కళ్లకు నచ్చేముందు మన ఒంటికీ, మన పనికీ నప్పాలి.