దాలమ్మ నిట్రాడు

అనగనగా, సముద్రం ఇంకా ఇంత దగ్గరికి రాని రోజుల్లో, ఇసకదిబ్బల మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒంటరి అవ్వ ఉండేది. తాటాకు మోపులు మోసి మోసి నడుము కొడవలిలా వంగిపోయింది.

ఆ అవ్వ తన ఇల్లు తానే కట్టుకుంది. నట్టనడుమ తాటిమాను పాతింది. అదే నిట్రాడు. ఒక్కతే ఎలా నిలబెట్టిందో ఎవరూ చూడలేదు! దాని తలకి చుట్టూరా వాసాలు చేర్చి, తాటాకు కప్పింది. గుండ్రటి ఇల్లు, వెతికినా మూల దొరకదు. చూరు తన వంగిన ఒంటికి సరిపడా దించేసింది.

మేడలో ఉండే ఊరిపెద్ద పకపకా నవ్వాడు.

"ఏటే దాలమ్మా, ఇల్లా ఇది, కోళ్ళగూడా?"

"నాకు సరిపోద్ది బాబూ. వంగి వస్తే నీకూ సరిపోద్ది."

పెంకుటింటి షావుకారు నవ్వాడు. పెద్ద సావిడి ఉన్న పడవల సరంగూ నవ్వాడు. వాళ్ళకీ అదే జవాబు.

ఆ ఏడే గాలివాన వచ్చింది. అమ్మో, అది గాలి కాదు నాయనా, సముద్రమే లేచి నడిచొచ్చింది!

మొదటి గాలికి సావిడి ఎగిరిపోయింది. సరంగు పిల్లాజెల్లాతో పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, చోటుందా?"

"వంగి రా బాబూ, సరిపోద్ది."

రెండో గాలికి పెంకులు ఆకుల్లా లేచాయి. షావుకారు వచ్చాడు. వంగి రా బాబూ, సరిపోద్ది. మూడో గాలికి మేడ కూలింది. ఊరిపెద్ద మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. వెనకే ఊరంతా వచ్చింది. అంత చిన్న ఇంట్లో అంతమంది ఎలా పట్టారో ఆ దేవుడికే తెలియాలి.

గాలి ఇంటిచుట్టూ తిరిగింది. పట్టుకోడానికి మూల దొరకలేదు. దూరడానికి చూరు కింద సందు దొరకలేదు. చివరికి కప్పునే పైకి లాగింది. నిట్రాడు కదిలింది. దాలమ్మ రెండు చేతులా దాన్ని కౌగిలించుకుంది.

తెల్లారేసరికి గాలి చల్లబడింది.

"అవ్వా, వదిలెయ్యి, గాలెల్లిపోనాది," అన్నాడు ఊరిపెద్ద.

అవ్వ ఊపిరి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. చేతులు మాత్రం నిట్రాడుని వదల్లేదు. ఊరంతా బతికే ఉంది.

అందుకే ఇప్పటికీ ఆ తీరాన అలాంటి గుండ్రటి చుట్టిల్లు కడితే, పాతిన నిట్రాడుని ముందు ఇంటి ముసలమ్మ కౌగిలించుకోవాలి. ఆవిడ వంగి నిలబడితే, ఆ ఎత్తే చూరుకి కొలత. ఎంత గొప్పవాడైనా ఆ గుమ్మంలో తల వంచాల్సిందే. వానలో ఎవరైనా వచ్చి చోటుందా అని అడిగితే, లోపల ఎంతమంది ఉన్నా సరే, ఆ ఇంటివాళ్ళు అనే మాట ఒక్కటే.

"వంగి రా బాబూ, సరిపోద్ది."