బొగ్గు లేని ధూపం

బ్రదర్ ఇసిద్రోకి ఇంటిపేరంటే సిగ్గు. మీ ఇంటిపేర్ల సంగతి నాకు తెలియదు గానీ తల్లీ, ఆయనది కార్బొనేరో. స్పెయిన్ దేశంలో బొగ్గులు కాల్చేవాణ్ణి అలా అంటారు. తాతముత్తాతల పని అదే. ఎవరైనా పేరడిగితే "ఇసిద్రో" అని గట్టిగా చెప్పి, తక్కింది గొంతులోనే మింగేసేవాడు.

కొండమీది మఠంలో కూర్చుని ఆయన రాసిన కీర్తనలు ఊరూరా పాడుతున్నారు. దోన్ గాస్పర్ అనే దొర వాటిని పుస్తకంగా అచ్చు వేయిస్తానన్నాడు. షరతు ఒక్కటే.

"అట్టమీద ఆ మసిపేరు వద్దు. మోంతాల్బా అని పెట్టుకో, మా చుట్టాల పేరు. ఆదివారం పూజయ్యాక జనం ముందు నీ నోటితోనే చెప్పాలి."

ఇసిద్రో తన గురువు లియాంద్రో దగ్గరికి వెళ్లాడు.

"తండ్రీ, కీర్తనలు దేవుడివి. పైన ఎవరి పేరుంటే ఏం?"

"అయితే మీ నాన్నదుంటే ఏం?" అన్నాడు ముసలాయన. "సరే, ఆదివారం ధూపం నువ్వే వెయ్యి."

ఆదివారం గుడి కిటకిటలాడింది. ముందు వరసలో దొర. ఇసిద్రో గొలుసుకు వేలాడే ధూపపాత్ర అందుకుని ఊపాడు. దూరదేశపు సాంబ్రాణి, దొరే ఇచ్చిన కానుక. పొగ రాలేదు. మళ్లీ ఊపాడు. గొలుసు మోగిందంతే.

మూత ఎత్తి చూసి, "తండ్రీ, ఇందులో..." అని గొణిగాడు.

"నాకు చెవుడు నాయనా. అందరికీ వినపడేలా చెప్పు. ఏం లేదు?"

"బొగ్గు లేదు!"

గోడలు మారుమోగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇసిద్రో లోపలికి వెళ్లి, పట్టకారుతో నిప్పులు తెచ్చి వేశాడు. వేళ్లకు మసి అంటింది. తుడుచుకోలేదు. అప్పుడు లేచింది చూడండీ సాంబ్రాణి పొగ, బలిపీఠం దాటి పైకప్పు దాకా! దొర వైపు తిరిగినప్పుడు ఓ ఊపు ఎక్కువే ఊపాడంటారు. దేవుడు క్షమించుగాక.

పూజ ముగిసింది. దొర కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"ఈ కీర్తనలు రాసిన మహానుభావుడు ఇప్పుడు తన పేరు చెబుతాడు," అని దగ్గాడు.

ఇసిద్రో నిలబడ్డాడు. ఒక్క అక్షరం మింగలేదు.

"ఇసిద్రో కార్బొనేరో."

దొర ముఖం మాడిపోయింది. "ఆలోచించుకో. పుస్తకం అచ్చుకాదు."

"పాడేవాళ్లు పాడుతూనే ఉన్నారు కదండీ."

లియాంద్రో చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు నాయనా. దొరవారికి దగ్గులో వినపడినట్టు లేదు."